సూది రంధ్రాల పక్కన పురుగు

నా దగ్గరికి వచ్చే పురుగులన్నీ ఫోటోల్లోనే వస్తాయి. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తోటపల్లి గూడూరులోని మా ఇంట్లో ఏం చేయాలో తోచక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో, పాత విద్యార్థిని ఒకమ్మాయి నన్ను ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చింది. ఇంట్లోనో పొలంలోనో పేరు తెలియని పురుగు కనిపిస్తే ఎవరైనా ఫోటో తీసి అందులో పెడతారు. తెలిసినవాళ్ళు అదేమిటో చెబుతారు. నెల తిరక్కుండానే అక్కడ నాకు 'పురుగుల మేడం' అని పేరు పడిపోయింది. మా ఇంట్లోవాళ్ళు విని పడీపడీ నవ్వారు. నాకు మాత్రం లోపల్లోపల గర్వంగానే ఉండేది.

మా వైపు గాలిలో ఎప్పుడూ చెమ్మే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కనుచూపు మేర రొయ్యల గుంటలు. గోడకు తగిలించిన క్యాలెండరు వెనక, పాత పుస్తకాల అట్టల్లో, వాడకుండా వదిలేసిన రవ్వ డబ్బాలో కంటికి ఆనీ ఆనని బూజు పడుతుంది. ఆ బూజును, కాగితాలకు పూసిన మైదా జిగురును మేయడానికి ఇసుక రేణువంత పురుగులు చేరతాయి. ఇంగ్లీషులో వాటిని బుక్‌లైస్ అంటారు. నేను గ్రూపులో పుస్తకాల పేలు అని రాసేదాన్ని. పేలని పేరే గానీ అవి కుట్టవు, కరవవు, మనిషి జోలికి రావు. వాటి దాయాదులు చెట్ల మీద బతుకుతాయి. అవి బెరడు పేలు. పుస్తకాల్లో ఉండేవాటికి చాలావరకు రెక్కలుండవు. బెరడు మీద ఉండేవాటికి పెద్దవయ్యాక రెక్కలొచ్చి పెంకుటింటి కప్పులా వీపు మీద వాలి ఉంటాయి.

ఒకసారి వెంకటాచలం నుంచి ఒక రైతు తన మామిడిచెట్టు ఫోటో పంపాడు. మొదలు నుంచి కొమ్మల దాకా చెట్టంతా తెల్లటి పల్చని పట్టు తెర కప్పేసి ఉంది. చెట్టుకు ఎవరో ఏదో చేయించారని ఇంట్లో ఆడవాళ్ళు బెంబేలెత్తిపోయారట. గొడ్డలి కూడా తెచ్చి పెట్టుకున్నాడు. తెర కొంచెం చించి లోపలి పురుగును దగ్గరగా తీసి పంపమన్నాను. చూస్తే బెరడు పేలే. మూతి మీద ఉబ్బు, దారాల్లాంటి పొడుగాటి మీసాలు. "ఎవరూ ఏమీ చేయలేదు. అవి బెరడు మీది బూజూ నాచూ తిని చెట్టును శుభ్రం చేస్తున్నాయి. గొడ్డలి లోపల పెట్టి మీ పని మీరు చూసుకోండి" అని రాశాను. వానలు వెనకబట్టాక తెర దానంతటదే రాలిపోయింది. ఆ రైతు మరుసటి ఏడు బుట్టెడు కాయలు పంపించాడు. నా తల పొగరు ఇంకాస్త పెరిగిందంటే ఆ మామిడికాయల పాత్ర కూడా ఉంది.

ఫోటో చూసి పురుగును పోల్చడం కష్టమేమీ కాదు గానీ, ఒక్క చిక్కుంది. ఫోటోలో అన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. పుస్తకాల పేను పిల్లా, చెదపురుగూ రెండూ పాలిపోయిన తెలుపే, రెండూ మెత్తగానే ఉంటాయి. చేతిలో పెట్టుకుంటే చిన్నపిల్లలు కూడా తేడా చెప్పేస్తారు. చెదపురుగు బియ్యపు గింజంత ఉంటుంది, పేను అందులో నూకంత కూడా ఉండదు. ఫోన్‌లో పెద్దది చేసి తీస్తే మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే నేనొక నియమం పెట్టాను. పురుగు పక్కన ఒక బియ్యపు గింజ పెట్టి ఫోటో తీయాలి. గింజ లేని ఫోటోకు జవాబివ్వనని కచ్చితంగా చెప్పాను. ఒకాయన అన్నం మెతుకు పెట్టాడు. ఒకావిడ ఇడ్లీ రవ్వ పెట్టింది. ఇద్దరికీ చీవాట్లు పెట్టాను.

అంత కచ్చితంగా ఉండేదాన్ని ఒకే ఒక్కసారి నా నియమం నేనే తప్పాను. అందుకు కారణం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గ్రూపులో వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. నిదానస్తుడు, మర్యాదస్తుడు, అన్నీ తెలిసినవాడు. ఆ వారంలో మూడు ఫోటోలకు నాకంటే ముందు ఆయనే జవాబు చెప్పేశారు. అందరూ ఆయనకు దండాలు పెట్టే బొమ్మలు పంపారు. నాకు ఒళ్ళు మండింది. అరవై దాటిన మనిషికి అంత ఉడుకుమోతుతనం ఉంటుందని నేనూ అనుకోలేదు.

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున కోట నుంచి ఒకావిడ ఫోటో పెట్టింది. "పెట్టెలో కాగితాల్లో ఉండాయి. ఏం పురుగులో చెప్పండి మేడం. ఇంట్లో జనాల బట్టలు ఉండాయి, భయంగా ఉండాది" అని కింద రాసింది. ఫోటో మసకగా ఉంది. పల్చటి కాగితం మీద రెండు తెల్ల పురుగులు, వాటి చుట్టూ ఏడెనిమిది రంధ్రాలు. బియ్యపు గింజ లేదు. అడగబోతుండగా ఫోన్ తెర పైభాగాన ఆ పెద్దమనిషి పేరు పక్కన 'టైపింగ్' అని కనిపించింది. ఇక ఆగలేదు. రంధ్రాలు చూశాను, కాగితాన్ని తొలిచేస్తున్నాయి అనుకున్నాను, వేళ్ళు పరుగెత్తాయి. "చెదలు. చూస్తూ కూర్చోకండి. పట్టిన కాగితాలు మొత్తం ఇవాళే కాల్చేయండి. ఆ పెట్టె పెట్టిన చోట కిరోసిన్ పోయండి. ఆలస్యం చేస్తే బట్టలకూ తలుపులకూ పడతాయి."

నా జవాబు పడిన అరనిమిషానికి ఆయనది వచ్చింది. "సైజు తెలిస్తే బాగుండేది. ఆ రంధ్రాలు ఏమిటో ఒకసారి అడుగుదామా?" అని. "ఇల్లు కూలిపోయేదాకా అడుగుతూ కూర్చుందామంటారా సార్?" అని నేను బదులిచ్చాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం సాయంత్రం, "మీరు చెప్పినట్లే చేసినాను మేడం" అని రాసింది. అందరూ నాకు దండాలు పెట్టే బొమ్మలు పంపారు. ఆ బొమ్మలు లెక్కపెట్టుకుని మరీ సంతోషించాను.

నవంబరులో తుఫాను ముసురు పట్టినప్పుడు ఆవిడ దగ్గర్నుంచి మళ్ళీ ఫోటో వచ్చింది. ఈసారి గ్రూపులో కాదు, నాకొక్కదానికే. "మళ్ళీ వచ్చినాయి మేడం. కాగితాలు లేకపోయినా గోడ మీద పాకతా ఉండాయి. మీరు చెప్పినట్లు గింజ కూడా పెట్టినాను చూడండి." గోడ కింద గచ్చు మీద బియ్యపు గింజ ఉంది. దాని పక్కన పురుగు గింజలో పదోవంతు కూడా లేదు. మూతి మీద ఉబ్బు, దారాల్లాంటి మీసాలు, వెనక కాళ్ళ తొడలు లావుగా, చదునుగా నేలకు అంటుకుపోయినట్టున్న ఒళ్ళు. తరగతిలో బోర్డు మీద గీసి చూపించినంత స్పష్టంగా పుస్తకాల పేను.

ఆగస్టు ఫోటో వెతికి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మసకలో కూడా ఆ ఉబ్బు కనిపిస్తోంది. చెదపురుగు మీసాలు పూసల దండలా ఉంటాయి. ఇవి సన్నటి దారాలు. అప్పుడూ ఇవే ఉన్నాయి, నేను చూడలేదు. నాకు రంధ్రాలే కనిపించాయి. పుస్తకాల పేలు కాగితానికి రంధ్రాలు పెట్టవు కదా మరి, ఆ రంధ్రాలు ఎక్కడివి? ఆమెకు ఫోన్ చేసి అదే అడిగాను.

"రంధ్రాలా? అయ్యి మేం పొడిచినయ్యే మేడం, సూదితో" అంది ఆమె. ఎంత మామూలుగా చెప్పిందంటే, ఆ సంగతి లోకంలో అందరికీ తెలిసినట్టే చెప్పింది.

వాళ్ళది మగ్గం వర్కు చేసే ఇల్లు. పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు కుడతారు. ఆమె భర్త డిజైన్లు గీసే మాస్టరు. నూనె కాగితంలాంటి పల్చటి కాగితం మీద పెన్సిలుతో నెమలో, తీగో గీసి, ఆ గీత వెంబడి దగ్గర దగ్గరగా సూదితో పొడుచుకుంటూ పోతారు. ఆ కాగితాన్ని జాకెట్టు గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్ల పొడిని పైన రుద్దితే రంధ్రాల్లోంచి చుక్కలు దిగి గుడ్డ మీద బొమ్మ పడుతుంది. ఒకసారి పొడిచిన కాగితం ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. చిరగకుండా అంచులకు మైదా జిగురుతో న్యూస్‌పేపరు ముక్కలు అంటించేవాళ్ళు. పురుగులు వచ్చింది ఆ జిగురు కోసం. సూది రంధ్రం ఎంత ఉంటుందో తెలియనిదెవరికి? పురుగు ఆ రంధ్రానికి రెండింతలు కూడా లేదు. బియ్యపు గింజ లేదని నేననుకున్న ఫోటోలో దానికన్నా మంచి కొలత నా కళ్ళ ముందే ఉంది. అవేమిటని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

"ఆ కాగితాలు ఈమధ్య కూడా పనికి వాడేవాళ్ళా?" అని అడిగాను. లేదంటే కొంచెం ఊరట దొరుకుతుందని ఆశ.

"లేదు మేడం, ఇప్పుడంతా ఫోన్లో చూసి ప్రింట్లు తీసుకుంటా ఉండాం. అయ్యి ఆయన కోసం. షుగరు వచ్చి ఆయనకి చూపు పోయింది గదా. కాగితం మీద వేళ్ళు పెట్టి తడిమి, ఇది ఫలానా ఏడు గీసింది, ఇది ఫలానావాళ్ళ పెళ్ళికూతురిది అని చెప్తాడు. ఒక్కటి తప్పు చెప్పడు. పొద్దస్తమానం ఆ పెట్టె ముందరే కూర్చునేవాడు."

"ఆయన ఏమన్నారు?" అని అడిగాను.

"చెప్పలా మేడం. ఆ రోజు జుమ్మా నమాజుకు పక్కింటాయన తీసకపోయినాడు. ఆ టయానికి దొడ్లో కాల్చేసినాను. పెట్టెకి తాళం ఏసి, మేడం మందు పెట్టి మూత బిగించమన్నారు, ఆమె చెప్పిందాకా తెరవకూడదన్నారు అని చెప్పినాను. ఏం చేసేది? జనాల పట్టుగుడ్డలు ఇంట్లో ఉండాయి. ఆయనకేమో అయ్యే కళ్ళు. కాల్చేసినానని ఎట్ట చెప్పేది?"

అప్పుడైనా ఫోన్లో చెప్పి ఉండాల్సింది, అవి చెదలు కావమ్మా, నాలుగు రోజులు ఎండలో పెట్టి దులిపితే పోయేవి అని. చెప్పలేకపోయాను. వచ్చి మాట్లాడతాను అన్నాను. ఎందుకొస్తున్నారో ఆమె అడగలేదు, సంతోషించింది. నాకు ఆ సంతోషం కూడా ముల్లులా గుచ్చుకుంది.

ముసురు విడిచాక నెల్లూరు వెళ్ళి, గూడూరు మీదుగా కోట బస్సెక్కాను. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. తప్పు నాదే అని ఆయనకు నేనే చెప్పాలి, ఆమె మీదికి రాకూడదు. అది ఒక్కటే అనుకున్నాను. తిట్టినా పడదాం, మనిషి బాధ మనిషి ముందు నిలబడి చూడాలి కదా అనుకున్నాను. బస్సులో ఉన్నంతసేపూ నాకు ధైర్యం బాగానే ఉంది.

ఆమె బస్టాండుకు ఎదురొచ్చింది. నలభై దాటిన మనిషి, వేళ్ళ కొనలు సూది పనికి గట్టిపడి ఉన్నాయి. నడుస్తూనే చెప్పేశాను. అవి చెదలు కావని, నేను తొందరపడ్డానని, గొప్ప కోసం తొందరపడ్డానని కూడా చెప్పాను. ఆమె ఆగింది. నా చేతిలోంచి తీసుకున్న సంచీని రోడ్డు పక్కన కింద పెట్టింది.

"ఎండలో పెడితే సరిపోయేదా మేడం?"

"సరిపోయేదమ్మా."

"ఒక్క ముక్క అడిగుంటే చెప్పేదాన్ని గదా. ఆ బొక్కలు మేం పొడిచినయ్యేనని." కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడుగుతున్నట్టు అంది. సంచీ అందుకోబోయాను, ఇవ్వలేదు, తనే ఎత్తుకుని ముందు నడిచింది.

ముందు గదిలో మగ్గం చెక్కలకు ఎర్రటి జాకెట్టు గుడ్డ బిగించి ఉంది. ఇద్దరమ్మాయిలు పూసలు కుడుతున్నారు. ఆ వెనక గదిలో మంచం మీద ఆయన కూర్చున్నాడు. శుభ్రంగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. నేను వస్తున్నానని వేయించుకున్నాడట. మంచం పక్కనే నేల మీద రేకు పెట్టె, దానికి తాళం. నాఫ్తలీన్ వాసన గుప్పున కొట్టింది. ఖాళీ పెట్టెలో ఆమె ఉండలు వేసి ఉంచింది.

"రండి మేడం, కూర్చోండి" అన్నాడు నా వైపు కాక కొంచెం పక్కకు చూస్తూ. "మీరు చెప్పబట్టి ఇల్లు నిలబడింది. మా ఆడమనిషి నేనేడ బాధపడతానో అని వణికిపోయింది. నేనేమన్నా చిన్నపిల్లోడినా? మందేస్తే పురుగు పోతుంది, కాగితం నిలబడుతుంది. అంతే గదా."

అవునని తలూపాను. ఆయనకు తల ఊపు కనిపించదని ఆ తర్వాత గుర్తొచ్చింది.

"పాతికేళ్ళ పని మేడం. అందులో ఒకటుంది, మా పెళ్ళయినాక మొదట గీసింది. ఈమె జాకెట్టుకే. చేమంతి పూలు. సూది పొడుపు కూడా సరిగా రాలా అప్పుడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వేలు పెడితే ముందు అదే తెలుస్తుంది నాకు." చేత్తో దుప్పటి అంచు కుట్టు తడుముతున్నాడు, ఒక్కో కుట్టూ లెక్కపెడుతున్నట్టు. "వేళ్ళు మొద్దుబారకుండా రోజూ ఇట్ట చేసుకుంటా ఉండాను. ఎప్పుడు తెరవమన్నా సిద్ధం. మీ నోటితో చెప్పండి. ఇంక తెరవచ్చునా?"

ఇప్పుడు చెప్పాలి. మాటలన్నీ నోటి దాకా వచ్చి ఉన్నాయి. ఆమె వైపు చూశాను. ఆమె కళ్ళతో ఏ సైగా చేయలేదు, వద్దనలేదు, చెప్పమనీ అనలేదు. గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడింది. ఆయన ముఖం మాత్రం నా గొంతు వచ్చే వైపుకు తిరిగి ఉంది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డ ముఖాలు నేను జీవితమంతా చూశాను. అంత ఆశ ఏ ముఖంలోనూ చూడలేదు.

"ఇంకా చెమ్మగా ఉందండీ" అన్నాను. "ఎండలు ముదరనీయండి. అప్పుడు తెరుద్దాం."

"సరే మేడం. మీరెట్ట చెప్తే అట్నే" అన్నాడు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

టీ తాగించారు. ఎలా తాగానో నాకు తెలియదు. బస్టాండు దాకా ఆమె మళ్ళీ వచ్చింది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్ళు నేనొక్కదాన్నే అబద్ధం చెప్తా ఉండాను మేడం. ఇప్పుడు ఇద్దరమయినాం" అంది. నిష్ఠూరంగా అందో, తోడు దొరికిందని అందో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ కావచ్చు. పురుగు పేరు తెలియక తప్పు చెప్పడం వేరు. తెలిసి తెలిసి, మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడం వేరు. మొదటిదానికి నన్ను నేను ఎలాగో క్షమించుకునేదాన్నేమో.

గ్రూపులోంచి నేను బయటికి రాలేదు. పెద్దమనిషికి విడిగా ఉత్తరం రాసినట్టు పొడుగ్గా రాసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన, "అందరం చేస్తామమ్మా" అని ఒక్క మాట రాశారు. ఇప్పుడు ఏ ఫోటో వచ్చినా ముందు ఆయన్నే చెప్పనిస్తాను. నన్నడిగితే ముందు పది ప్రశ్నలు వేస్తాను. ఈ చుక్క ఏమిటి, ఈ గీత ఏమిటి, ఈ వస్తువు ఎవరిది, ఇది పోతే ఎవరు బాధపడతారు అని. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కోటలో ఆ మాస్టరు సంక్రాంతి వెళ్ళాక ఒకసారి భార్య ఫోన్ నుంచి చేశాడు. చలి పోనీయండి అన్నాను. శివరాత్రి తర్వాత చేశాడు. ఇంకా ఎండలు ముదరలేదు అన్నాను. రెండుసార్లూ నాకు కృతజ్ఞతలు చెప్పే పెట్టేశాడు. వెనక ఆమె మగ్గం దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు వినిపించింది. నేను ఏం చెబుతానో ఆమె వినాలనుకోలేదో, వినక్కర్లేదనుకుందో.

ఇప్పుడు రోహిణి కార్తె. గుంటల గట్ల మీద మట్టి పెచ్చులు లేచింది. మా ఇంట్లో క్యాలెండరు వెనక వేలు పెట్టి చూశాను, చెమ్మ అన్నమాటే లేదు. ఇంత ఎండ మా వైపు మళ్ళీ ఏడాది దాకా కాయదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పొద్దున్నుంచి కోట నంబరు నుంచి మూడుసార్లు ఫోను మోగింది. ఈ నాలుగు మాటలు రాస్తుంటే మళ్ళీ మోగుతోంది.